దాణా బస్తాను నమ్ముకోకు

చిన్నా,

రెండు జెర్సీ సంకర ఆవుల్ని తోలుకొచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. మన చిత్తూరు పక్క చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది పాల డబ్బుతోనే. కానీ తెచ్చిన మర్నాడే దాణా రెట్టింపు చేశావట! ఎవర్రా నీకు చెప్పింది? తిడుతున్నాననుకోకు నాయనా, అప్పు చేసి కొన్నావని తెలిసే నా భయం.

ఆవు పొట్టలో మేతను అరగదీసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఉన్నట్టుండి మేత మారిస్తే అవి తట్టుకోలేవు. కొత్తది ఏదైనా వారం పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. దాణా ఎక్కువై గడ్డి తక్కువైతే పొట్టలో పులుపు పెరిగి, నెమరు తగ్గి, పాలల్లో ఫ్యాట్ పడిపోతుంది. డెయిరీ వాళ్ళు డబ్బు కట్టేది ఆ ఫ్యాట్ కూడా చూసే కదా! దాణానే కాదు, పెళ్ళింట్లో మిగిలిన అన్నం గంపెడు పెట్టి మర్నాటికి ఆవును పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు.

మీ తాత రాత్రి భోజనమయ్యాక కొట్టంలోకి వెళ్ళి ఊరికే నిలబడేవాడు. పడుకున్న ఆవులు నెమరేస్తున్నాయా లేదా అని చూసేవాడు. గాడిలో మిగిలిన మేత చేతిలోకి తీసుకుని వాసన చూసేవాడు. పేడలో గింజలు అలాగే పడుతుంటే మర్నాడు దాణా తగ్గించేవాడు. లెక్కలు రాని మనిషి, అయినా ఏ ఆవుకు ఎంత తిండి పెట్టాలో ఆయనకు తెలుసు.

నీకు లెక్కలొచ్చు కాబట్టి రాసుకో. పది లీటర్లిచ్చే ఆవుకు రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చిగడ్డి, ఐదారు కిలోల ఎండుమేత. దాణా ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన రెండున్నర లీటర్ల పాలకు కిలో. అంటే మొత్తం ఐదున్నర కిలోలు, రెండు పూటలకు పంచు. ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు మరిచిపోకు. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

సూపర్ నేపియర్ గడ్డి వేశావు, మంచిదే. గట్ల మీద అవిశ, ఒక మడిలో అలసంద కూడా వెయ్యి, దాణాలో కలిపే చెక్క ఖర్చు కొంత తగ్గుతుంది. గడ్డి ముక్కలు కొట్టి పెడితే ఆవులు కాడలు వదలవు. వానల్లేక వాడిన లేత జొన్న మాత్రం మేపొద్దు. అందులోని సైనైడ్ విషం చూస్తుండగానే ఆవును పడగొడుతుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క చవకగా వచ్చినా తేవద్దు. ఆ బూజు విషం పాలల్లోకి దిగుతుంది, తాగేది పసిపిల్లలు.

ఒకటి చూడిదన్నావు కదా. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండడం ఆపెయ్యి. చేతికి డబ్బు రాదని మీ అమ్మ గొణుగుతుంది, పట్టించుకోకు, నేను మాట్లాడతాను. ఆ రెండు నెలలు ఒళ్ళు చేసుకుంటేనే ఈనాక పాలిస్తుంది.

రేపటినుంచి దాణా కొంచెం కొంచెంగా తగ్గించు. పది రోజులయ్యాక డెయిరీ చీటీలు ఫోటో తీసి పంపు, ఫ్యాట్ ఎంత వచ్చిందో చూస్తాను.

మీ పెద్దమ్మ