తమ పీట తామే వేసుకున్నవారు



కొన్ని వారాల క్రితం ఆదివారం సత్యోపదేశం తరగతిలో నిర్గమకాండము చదువుతూ, మాటల్లో ఐగుప్తు దాటి అమెరికా వరకు వెళ్ళాము. అక్కడ కతోలిక కుటుంబాలు కూడా నల్లజాతి వారిని బానిసలుగా ఉంచుకున్నాయని, గురువులు, మఠాలు సైతం ఉంచుకున్నారని చెప్పాను. వెనుక బెంచీలో కూర్చున్న ఇంటర్మీడియట్ అబ్బాయి లేచాడు. "ఫాదర్, సొంత శ్రీసభే అలా చేస్తే వాళ్ళు ఇంకా గుడికి ఎందుకు వచ్చారు? వెళ్ళిపోవచ్చు కదా?" అని అడిగాడు. తోటి పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "వచ్చే వారం చెబుతాను నాన్నా" అని అప్పటికి తప్పించుకున్నాను. ఆ వచ్చే వారం రావడానికి నెల పట్టింది. ఆ అబ్బాయికి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ ప్రశ్న అతనొక్కడిదే కాదని నా అనుమానం.

ముందు మన ఇంటి తప్పు చెప్పుకోవాలి. 1838లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని జెస్విట్ గురువులు తమ తోటల్లో పనిచేసే 272 మందిని లూసియానాలోని తోటల యజమానులకు అమ్మారు. ధర 1,15,000 డాలర్లు. అందులో కొంత సొమ్ము జార్జ్‌టౌన్ కళాశాల అప్పులు తీర్చడానికి వెళ్ళింది. అమ్ముడుపోయినవారిలో పసిపిల్లలు ఉన్నారు. చాలామంది జ్ఞానస్నానం పొందిన కతోలికులు. మరుసటి ఏడాది డిసెంబరులో 16వ గ్రెగోరి పాపుగారు బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ లేఖ వెలువరించారు. అమెరికాలో కొందరు శ్రీసభ పెద్దలు ఆ లేఖను చదివి, ఇది ఓడలలో మనుషులను తెచ్చి అమ్మే వ్యాపారం గురించే గాని, మన ఇళ్ళలోని బానిసల గురించి కాదని అర్థం చెప్పారు. అర్థాలు చెప్పడంలో మా గురువర్గానికి ఉన్న నేర్పు తక్కువది కాదు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమూ, జెస్విట్ సభా ఆ అమ్మకానికి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నది 2017 ఏప్రిల్‌లో, అంటే 178 ఏళ్ళు దాటాక.

ఇలాంటి శ్రీసభలో నల్లజాతి కతోలికులు ఏం చేశారు? కొందరు వెళ్ళిపోయారు. ఉన్నవారిలో కొందరు చేసిన పని మనం పిల్లలకు చెప్పదగినది.

అదే మేరీల్యాండ్‌లో బాల్టిమోర్ పట్టణం ఉంది. 1810ల కాలంలో ఎలిజబెత్ లాంజ్ అనే నల్లజాతి స్త్రీ కరీబియన్ ద్వీపాల వైపు నుండి వలస వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఆమె బానిస కాదు. ఫ్రెంచి చదువుకున్న మనిషి. ఆ ఊళ్ళో నల్లపిల్లలకు ప్రభుత్వం బడి పెట్టలేదు. ఆమె ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. ఒక స్నేహితురాలిని తోడు చేసుకొని తన ఇంట్లోనే బడి మొదలుపెట్టి, దాదాపు పదేళ్ళు నడిపారు. జేమ్స్ జూబేర్ అనే సల్పీషియన్ గురువు గురువిద్యాలయం కింది గదిలోని చిన్న గుడిలో నల్లపిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవారు. (ఆ కింది గది సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.) పిల్లలకు చదవడం రాదు, పాఠం తలకెక్కదు. ఆ గురువు ప్రోత్సాహంతో, 1829 జూలై 2న, లాంజ్ గారూ మరో ముగ్గురు స్త్రీలూ మాటపట్టు ఇచ్చి 'ఒబ్లేట్ సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్' అనే మఠసభను స్థాపించారు. నల్లజాతి స్త్రీలు అమెరికాలో నిలబెట్టుకున్న మొదటి మఠసభ అదే. నల్లని స్త్రీలు మఠకన్యల వస్త్రం ధరించడమా అని గొణిగిన కతోలికులు అప్పుడు లేకపోలేదు.

1832లో ఆ ఊరికి కలరా వచ్చింది. బీదల ఆశ్రమంలో రోగుల సేవకు నలుగురు సిస్టర్లు వెళ్ళారు. 1843లో జూబేర్ గురువు చనిపోయాక ఆదుకునేవారు కరువయ్యారు. అప్పుడు సిస్టర్లు బట్టలు ఉతికి, కుట్టుపని చేసి పొట్ట పోసుకున్నారు, బడినీ నిలుపుకున్నారు. వారి బడి, సెయింట్ ఫ్రాన్సిస్ అకాడెమీ, ఇప్పటికీ బాల్టిమోర్‌లో నడుస్తోంది. 1882లో మరణించిన మదర్ లాంజ్ గారిని ఫ్రాన్సిస్ పాపుగారు 2023లో పూజ్యురాలిగా ప్రకటించారు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, హెగెల్ అనే జర్మను తత్వవేత్త యజమాని, బానిసల గురించి వ్రాసిన భాగం మాకు పరీక్షకు వచ్చింది. ఇద్దరు ఎదురుపడితే ఒకరి చేత ఒకరు గుర్తింపు పొందడానికి పెనుగులాడతారు, గెలిచినవాడు యజమాని అవుతాడు, కాని పనిచేసే బానిసే తన చేతిపనిలో తనను తాను తెలుసుకుంటాడు అని దాని సారాంశం. నాకు మార్కులు వచ్చాయి గాని విషయం బోధపడలేదు. బట్టలుతికి బడి నిలబెట్టిన ఈ సిస్టర్ల కథ చదివాక కొంత బోధపడింది.

ఇప్పుడు అగస్టీన్ టోల్టన్ గారి సంగతి. 1854లో మిస్సోరి రాష్ట్రంలో బానిస కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు కతోలికులు, వారిని ఉంచుకున్న యజమానులూ కతోలికులే. కనుక పసివానికి జ్ఞానస్నానం దొరికింది గాని స్వేచ్ఛ దొరకలేదు. అంతర్యుద్ధం నడుస్తుండగా 1862లో తల్లి మార్తా జేన్ ముగ్గురు పిల్లలతో పారిపోయి, పడవ మీద మిసిసిపీ నది దాటి, ఇల్లినాయిస్ రాష్ట్రంలోని క్విన్సీ పట్టణం చేరుకుంది. అక్కడ బానిసత్వం లేదు. అక్కడే పొగాకు ఫ్యాక్టరీలో కూలికి కుదిరారు. ఫ్యాక్టరీ మూసివేసే చలికాలపు నెలల్లోనే పిల్లవానికి చదువు.

మొదట చేరిన బడి పునీత బోనిఫాసు విచారణది. తెల్లవారి కుటుంబాలు గొడవ చేయడంతో కొద్దికాలానికే మానుకోవలసి వచ్చింది. తరువాత పీటర్ మెక్‌గిర్ అనే ఐరిష్ గురువు తన విచారణ బడిలో చేర్చుకున్నారు. అక్కడా సణుగుడు తప్పలేదు, ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. బాలుడు పెద్దవాడై గురువు కావాలని కోరుకుంటే అమెరికాలో ఒక్క గురువిద్యాలయమూ చేర్చుకోలేదు. ఒక్కటి కూడా. పగలు కూలిపని, మిగిలిన వేళల్లో తెలిసిన గురువుల దగ్గర చదువు. ఇలా ఏళ్ళు గడిచాక 1880లో రోములోని ప్రొపగాందా కళాశాలలో చోటు దొరికింది. మన తెలుగు మేత్రాసనాల నుండి రోము వెళ్ళి చదివిన గురువులకు పరిచయమున్న సంస్థే అది. 1886 ఏప్రిల్ 24, పాస్క పండుగకు ముందటి శనివారం, లాతరాను బసిలికాలో ఆయనకు గురుపట్టం ఇచ్చారు. ఆఫ్రికాకు పంపుతారని ఆయన సిద్ధపడ్డారు. కాని రోము పెద్దలు, అమెరికా ఇంతవరకు నల్ల గురువును చూడలేదు, ఇక చూడవలసిందే అని తిరిగి అక్కడికే పంపారు. (అంతకుముందే హీలీ సోదరులు గురువులైన మాట నిజం. ఒకరు బిషపు కూడా అయ్యారు. తల్లి బానిస స్త్రీ అయినా, వారు ఐరిష్ తండ్రి బిడ్డలుగానే చలామణి అయ్యారు. టోల్టన్ గారికి అలా దాచుకునే వీలు లేదు.)

ఆ జూలైలో సొంత ఊరు క్విన్సీలో ఆయన మొదటి దివ్యబలిపూజ అర్పించినది ఎక్కడో తెలుసా? చిన్ననాడు తనను బడిలో ఉండనివ్వని అదే పునీత బోనిఫాసు గుడిలో. జనం కిక్కిరిశారు. కథ ఇక్కడ ఆగితే మనకు ఎంతో హాయిగా ఉండేది. ఆగలేదు. ఆయన పూజకు తెల్లవారు కూడా రావడం, కానుకలు వేయడం పొరుగు గురువు ఒకరికి కంటగింపు అయింది. నీవు నల్లవారిని మాత్రమే చూసుకో అన్నారు. చివరకు 1889లో టోల్టన్ గారు షికాగో వెళ్ళిపోయారు. అక్కడ నల్లజాతి కతోలికులు పూజకు కూడుకునే చోటు ఒక గుడి కింది గది. మళ్ళీ కింది గదే! వారు పైసా పైసా కూడబెట్టుకొని, ఇతర దాతల సాయం కూడా పుచ్చుకొని, పునీత మోనికమ్మ పేర సొంత గుడి కట్టుకున్నారు. 1897 జూలై 9న, ఎండ మండుతున్న రోజున, గురువుల వడకం నుండి తిరిగివస్తూ ఆయన వీధిలో కుప్పకూలి మరణించారు. వయసు 43. క్విన్సీలోనే భూస్థాపన చేశారు. 2019లో శ్రీసభ ఆయనను పూజ్యునిగా ప్రకటించింది.

మనది వారపత్రిక గనుక మరొకరిని మరువకూడదు. డేనియల్ రడ్ కూడా 1854లోనే కెంటకీ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. 1886లో ఒహాయో రాష్ట్రంలో వారపత్రిక ప్రారంభించారు. నల్లజాతి కతోలికుడు సంపాదకుడిగా ఉండి నడిపిన 'అమెరికన్ కాథలిక్ ట్రిబ్యూన్' అది. దానిలో పిలుపునిచ్చి, 1889 జనవరి 1 నుండి 4 వరకు వాషింగ్టన్‌లో దేశంలోని నల్లజాతి కతోలికుల మహాసభ జరిపించారు. ప్రతినిధులందరూ గృహస్థులు. మహాసభను ప్రారంభించే పూజ చేసినది టోల్టన్ గారు. కోరికలు చూడండి: మా పిల్లలకు కతోలిక బడులు, వృత్తివిద్య నేర్పే బడులు కావాలి. కార్మిక సంఘాలు మమ్మల్ని చేర్చుకోవాలి. ఇళ్ళు అద్దెకిచ్చేటప్పుడు రంగు చూడకూడదు. తాగుడు మానాలని తమవారికే ఒక మాట చెప్పుకున్నారు. 1894 వరకు ఇలాంటివి ఐదు జరిగాయి. సభ సభకూ స్వరం గట్టిపడింది. బడులలో, గుడులలో వివక్ష ఉన్నదా అని బిషపులనే అడిగేదాకా వెళ్ళారు. ఆ తరువాత సభలు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైనది 1987లో.

అబ్బాయికి నేను చెప్పిన జవాబు ఇంతే. వారు ఉండిపోయినది చేతకాక కాదు. జ్ఞానస్నానం తమకు తెల్లవారు ఇచ్చిన దానం కాదని, క్రీస్తు ప్రభువు ఇచ్చిన హక్కని వారు నమ్మారు. సొంత ఇంటి నుండి నన్ను ఎవడు పంపేది అనే పట్టుదల అది. మెక్‌గిర్ గారు, జూబేర్ గారు తోడు నిలిచారు, వారి మేలు మరువరానిది. అయితే మేము గురువులం ఇలాంటి కథలు చెప్పేటప్పుడు ఆ ఇద్దరి గురించే ఎక్కువ చెబుతాము. పడవ వేసుకొని నది దాటింది మాత్రం మార్తా జేన్.

అబ్బాయి అంతటితో ఊరుకోలేదు. "మరి వెళ్ళిపోయినవాళ్ళది తప్పా ఫాదర్?" అన్నాడు. కాదన్నాను. వాళ్ళ గురించి తీర్పు చెప్పే అర్హత, గుమ్మం దగ్గర వాళ్ళను ఆపినవారికి లేదన్నాను. ఈ మాటలు మనకు దూరం కాదు. మన భారత పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం వెలువరిస్తూ, అంటరానితనం శ్రీసభ లోపల కూడా ఉన్నదని ఒప్పుకుంది.

సత్యోపదేశం పిల్లలు ఇప్పుడు ఒక గోడపత్రిక పెడతామంటున్నారు. సంపాదకుడు ఎవరో చెప్పనక్కరలేదు. మొదటి సంచికకు మన పాత సమాధుల తోట మధ్యలో ఆ గోడ ఎందుకు ఉన్నదో పెద్దలను అడిగి వ్రాస్తాడట. వ్రాయనివ్వడమేనా ఫాదర్ అని విచారణ కమిటీలో ఒకరిద్దరు నన్ను పక్కకు పిలిచి అడిగారు. వ్రాయనివ్వండి అన్నాను. అడగడానికి మీ ఇంటికి కూడా వస్తాడు.