చిన్న మాటకున్న బలము

కర్నూలునుండి నంద్యాలకు పోవు త్రోవలో ఓర్వకల్లు అను ఊరు కలదు. ఆ ప్రాంతమున వింత రూపములు దాల్చిన రాతిగుట్టలును, వాని నడుమ మెట్టచేలును కనుపించును. వాన కురిసిన యేట పైరు చేతికి వచ్చును. కురియని యేట పేదలు కూలికై వలసపోవలసినదే. చేత కాసు లేని వేళ వారికి దిక్కు వడ్డీవ్యాపారి. అతని బాకీ తీరులోపల మరియొక కరవు వచ్చును.

1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలిసి కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగర్ జిల్లాలలో పేదరిక నిర్మూలన పథకమునొకదానిని ఆరంభించెను. ఓర్వకల్లు మండలము అందులో చేరినది. అచటి పేదస్త్రీలను కార్యకర్తలు కోరినది మిక్కిలి స్వల్పము: దినమునకొక రూపాయి దాచుట.

"దినమునకొక రూపాయితో దారిద్ర్యము తీరునా?" అని ఎవరికైనను తోచును. రూపాయిలో అంత బలము లేదు. బలమంతయు ఆ రూపాయిని దాచెదమని ఇచ్చిన మాటలో నున్నది. పది పదునైదుగురు స్త్రీలు ఒక సంఘముగా ఏర్పడిరి. నియమించుకొనిన దినమున అందరును ఒకచోట కూర్చుండిరి. ఎవరి సొమ్ము వారు తమ చేతితోనే అందరియెదుట ఉంచి, పుస్తకమున వ్రాయించుకొనిరి. తప్పినచో అడుగుటకు పైయధికారి అక్కరలేదు. ప్రక్కన కూర్చున్న పొరుగింటి అక్కయే చాలును.

కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆ సొమ్మునుండి తమలో తాము అప్పులిచ్చుకొనిరి. సంఘములు కలిసి గ్రామ సంఘములైనవి. అవి కలిసి ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘమైనవి. బ్యాంకు గడప తొక్కనివారు బ్యాంకులతో వ్యవహరించిరి. పనికి పోవు బాలబాలికలను బడికి మరల్చుటకును పూనుకొనిరి. ఇట్టి అనుభవములే ఆధారముగా 2000వ సంవత్సరమున రాష్ట్రమున 'వెలుగు' పథకము మొదలైనది.

మొదటి దినముననే "మీరు మండలమంతటికిని సంఘము నడపవలెను, బ్యాంకులతో మాటలాడవలెను" అని యున్నచో వారిలో ఎందరు తలయూపియుందురు? రూపాయికి తలయూపుట సులభము. కాని నూరు దినములు రూపాయి దాచిన స్త్రీ మొదటినాటి స్త్రీ కాదు. "నావలన ఏమగును?" అనుకొనినది, "నేను పొదుపు చేయుదానను, మాట నిలుపుకొనుదానను" అని తన్ను తాను ఎరుగును. ఆ ఎరుకయే ఆమెను తరువాతి మెట్టునకు నడిపించును.

మనస్సుయొక్క ఈ తీరును శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ అను ఇద్దరు అమెరికా దేశమందలి కాలిఫోర్నియాలో జరిపిన పరిశోధనను 1966లో ప్రకటించిరి. "బండి జాగ్రత్తగా నడపుడు" అను పెద్ద పలకను మీ యింటి ముంగిట నాటనిత్తురా అని వారు గృహస్థులను అడిగించిరి. పలక అందవిహీనము, ఇంటిని కప్పివేయునంతటిది. నూటికి 17 మంది మాత్రమే ఒప్పుకొనిరి. వేరు కొందరిని మాత్రము రెండు వారములకు ముందే మూడంగుళముల చిన్న చీటి నొకదానిని అంటించుకొనుడని కోరియుండిరి. అదియు జాగ్రత్తగా బండి నడపుటను గూర్చినదే. అట్టివారిలో నూటికి 76 మంది పెద్ద పలకకు సమ్మతించిరి! కాలిఫోర్నియాను అందముగా ఉంచుటకై ఒక విన్నపముపై సంతకము మాత్రమే చేసినవారిలో సయితము దాదాపు సగము మంది ఒప్పుకొనిరి. విషయము వేరైనను, "నేను పదుగురి మేలునకు పాటుపడువాడను" అను భావము ఆ చిన్న సంతకమువలన వారిలో నాటుకొనినది.

అట్లని ప్రతి చిన్న మాటయు నాటుకొనదు. బలవంతముచే ఆడిన మాట నిలువదు. తనంత తాను ఒప్పుకొని, చేతితో చేసి, పదుగురియెదుట ప్రకటించిన మాటయే మనిషిని పట్టియుంచును. ఓర్వకల్లు స్త్రీల పొదుపునందు ఈ మూడును కలవు.

అయితే ఈ త్రోవ మంచికి మాత్రమే తెరచియుండునది కాదు. వామనుడు బలిచక్రవర్తిని అడిగినది మూడడుగుల నేలయే. శుక్రాచార్యుడు వలదన్నను బలి మాట తప్పలేదు, సర్వమును కోల్పోయెను. అడిగినవాడు భగవంతుడు గనుక బలికి కీర్తి దక్కినది. మన గడపలోనికి వచ్చువారందరును భగవంతులు కారు. "ఒక్క గ్రుక్కయే కదా" అని స్నేహితుడందించిన సారాయి, "ఇప్పటికి ఈ కొంచెము తీసికొమ్ము" అని వడ్డీవ్యాపారి చేతిలో పెట్టిన సొమ్ము ఇట్టివే. ముఠాకక్షలతో నలిగిన కర్నూలు, కడప పల్లెలలో "మావెంట ఒక్కమారు రమ్ము, ఊరక నిలుచుండిన చాలును" అను పిలుపు ఎందరో యువకుల బ్రదుకులను మార్చివేసినది. ఊరక నిలుచుండినవాడు ఆ నాటినుండి ఒక పక్షపు మనిషి. ఊరివారును అట్లే తలతురు. తానును అట్లే తలచుకొనును. ఏకై వచ్చి మేకై కూర్చుండుట అనగా ఇదియే.

కావున చిన్న మాట యిచ్చుటకు ముందు, "దీని వెనుక వచ్చు పెద్ద మాటకు నేను ఒప్పుకొందునా?" అని ప్రశ్నించుకొనవలెను. తెలియక ఒప్పుకొనినవాడు చెడుగు తెలిసిన పిమ్మట వెనుకకు మరలుట మాట తప్పుట కాదు, వివేకము. మంచి పనియైనచో కొండంత శపథము పట్టనక్కరలేదు. ప్రతిరాత్రి ఒక్క పుట చదివెదనని తల్లియెదుట పలికి, ఆ రాత్రియే చదివిన చాలును. మరునాడు పుస్తకము తెరచునది నిన్నటి బాలుడు కాడు, చదువరియైన బాలుడు. ఓర్వకల్లు స్త్రీలును ఒక్కొక్క రూపాయితోనే కదా మొదలిడినది!