షుగర్ పిల్లికి వెనక కాళ్లు పట్టు తప్పితే

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పిల్లికి పదేళ్లు. షుగర్ ఉందని ఈమధ్యే తేలింది. ఇప్పుడు వెనక మడమలు నేలకానించి నడుస్తోంది, మంచం ఎక్కలేకపోతోంది. ఇది ముసలితనమేనా? రోజూ చేపన్నం పెడుతున్నాం.
– ఒక పాఠకురాలు, కోల్‌కతా

జవాబు: ముసలితనం అనుకుని వదిలేయకండమ్మా. ఆ నడక షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న పిల్లుల్లో కనిపించేదే. ఇన్సులిన్‌తో షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లులు కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటాయి. కొన్నిటికి కొంత లోటు మిగిలిపోతుంది. డాక్టర్ చెప్పిన వేళకు సూది తప్పించకండి. బి12 ఇస్తుంటారు గానీ అది ఇన్సులిన్‌కు బదులు కాదు.

నాకు బెంగంతా ఆ అన్నం గురించే. బెంగాల్ ఇళ్లలో పిల్లికి చేపన్నం మామూలే, కానీ పిల్లి మాంసాహారి. అన్నంలోని పిండిపదార్థం షుగర్‌ను పెంచుతుంది. అలాగని ఒక్కసారిగా మానిపించకండి. అదే మోతాదు ఇన్సులిన్‌కు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టర్‌ను అడిగి, మోతాదు సరిచూసుకుంటూ మెల్లగా మార్చండి. పచ్చి చేప అసలు వద్దు, కొన్ని చేపలు బి1 విటమిన్‌ను నాశనం చేస్తాయి.

పొటాషియం తగ్గినా కండరాలు నీరసిస్తాయి, ఆ రక్తపరీక్ష చేయించండి. బెల్గాచియాలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో చూపించవచ్చు.

కాళ్లు హఠాత్తుగా పడిపోయి, చల్లబడి, పిల్లి నొప్పితో అరిస్తే మాత్రం రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.