ఇంట గెలిచి రచ్చ గెలవాలి: రౌటర్ కొనే ముందు ఒక పాఠం



బదిలీ మీద కొత్త ఊరికి రాగానే మన అందరి ఇళ్లలోనూ మొదట జరిగే పనులు మూడు: గ్యాస్ కనెక్షన్, స్కూల్లో అడ్మిషన్, ఇంటర్నెట్. మేమూ ఇప్పటికి ఆరు ఊళ్లు మారాం. ప్రతి ఊళ్లోనూ సామాన్లు సగం విప్పకముందే ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే: "వైఫై వచ్చిందా?"

ఈ ఏడాది మా తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి తెలుగు పీరియడ్ అయ్యాక వెనక ఆగాడు.

"సార్, ఆరు యాంటెన్నాల రౌటర్ కొంటే ల్యాగ్ పోతుందా? తొమ్మిది వేలట. నాన్నకు ఫోన్లో చెప్పాను. సరేనన్నారు."

అంత తొందరేమిటని అడిగాం. కాసేపు నేల చూపులు చూసి చెప్పాడు. పాత ఊళ్లో నలుగురు స్నేహితులున్నారు. రోజూ సాయంత్రం ఏడింటికి అయిదుగురూ ఆన్‌లైన్లో కలిసి ఆడుకుంటారు. ఈ ఊరికి వచ్చాక ఆట మధ్యలో వీడి బొమ్మ కదలకుండా నిలబడిపోతోంది. రెండు వారాలు ఓపిక పట్టి, ఇక అయిదో చోటులో వేరే అబ్బాయిని తీసుకుంటామన్నారట. "ఆ ఊరిది నాకు మిగిలింది ఆ గంట ఒక్కటే సార్" అన్నాడు.

బదిలీ అంటే ఏమిటో మీకు మేము చెప్పనక్కర్లేదు. అందుకే ఈసారి వ్యాకరణం పక్కన పెట్టి ఈ పాఠం రాస్తున్నాం. ల్యాగ్ ఎక్కడ పుడుతోందో కనుక్కోకుండా రౌటర్ కొనకూడదు. పాఠం సారాంశం ఇంతే. రోగం ఒకటైతే మందు ఇంకోటి వేసినట్టు కాకూడదు.

వేగం వేరు, జాప్యం వేరు

ఇంటర్నెట్ ప్లాన్ కాగితం మీద 50, 100, 200 ఎంబీపీఎస్ అని ఉంటుంది. ఒక్క సెకనులో ఎంత సమాచారం రాగలదో ఆ అంకె చెబుతుంది. అది నీటి గొట్టం లావు లాంటిది. చెరువు నుంచి మన ఇంటికి నీళ్లు చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది వేరే లెక్క. దాన్నే జాప్యం అంటారు. ఆటగాళ్లు పింగ్ అంటారు. దాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. వెయ్యి మిల్లీసెకన్లు ఒక సెకను.

ఒక హెచ్‌డీ సినిమా చూడటానికి సుమారు 5 ఎంబీపీఎస్ కావాలి. ఆన్‌లైన్ ఆటకు అంతకంటే చాలా తక్కువ చాలు. మీరు ఎటు తిరిగారు, ఏ బటన్ నొక్కారు అన్న చిన్న చిన్న కబుర్లే అటూ ఇటూ వెళతాయి. కానీ అవి ఆలస్యం కాకూడదు. పింగ్ 50 లోపు ఉంటే ఆట హాయిగా సాగుతుంది. 100 దాటితే వేగంగా ఆడే ఆటల్లో తేడా తెలుస్తుంది. పింగ్ నిలకడగా లేకపోతే ఇంకా చికాకు. ఎప్పుడూ 70 ఉంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఒకసారి 20, మరోసారి 300 అయితే ఎవరూ ఆడలేరు. కాబట్టి గొట్టం లావు పెంచినంత మాత్రాన, అంటే పెద్ద ప్లాన్ తీసుకున్నంత మాత్రాన, ల్యాగ్ పోతుందన్న నమ్మకం లేదు.

దూరాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు

ఫైబర్ తీగలో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. శూన్యంలో కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళితే, గాజులో సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. ఆట సర్వర్ 2,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లడానికి 10, రావడానికి 10, మొత్తం 20 మిల్లీసెకన్లు పడుతుంది. దారిలో మలుపులు, మజిలీలు ఉంటాయి కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే అవుతుంది. అంతకంటే తగ్గించడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ఈ సంగతి మేము అండమాన్‌లో డబ్బు పోసి నేర్చుకున్నాం. 2020కి ముందు మా పోస్టింగ్ పోర్ట్ బ్లెయిర్‌లో. అప్పట్లో ఆ దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడేది. అలాంటి ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన కబురు పైకి వెళ్లి కిందికి దిగాలి, జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి దిగాలి. నాలుగు ప్రయాణాలు కలిపి 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో భాగిస్తే 480 మిల్లీసెకన్లు, అంటే దాదాపు అర సెకను. ఇది తెలియక మేము ఖరీదైన రౌటర్ కొన్నాం. డబ్బా బాగుంది, దీపాలు బాగున్నాయి, పింగ్ మాత్రం ఇంచు కదలలేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుల్‌ను ప్రారంభించారు. అక్కడి పలు దీవులను కలుపుకొని దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అక్కడి జబ్బుకు అసలు మందు ఆ కేబులే.

ముందు ఇల్లు, తర్వాత రచ్చ

మరి మన ఇంట్లో జబ్బు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలు ఊరికే అనలేదు. పరీక్ష కూడా అదే వరసలో చేయాలి.

ప్రతి రౌటర్‌కూ ఒక చిరునామా ఉంటుంది. చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. రౌటర్ అడుగున అంటించిన చీటీ మీద చూడండి. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అన్న ఆదేశం ఇచ్చి, పక్కన ఆ చిరునామా కొట్టండి. ఇది మీ గది నుంచి రౌటర్ దాకా పట్టే కాలం. ఇంటి లెక్క. తర్వాత చిరునామా బదులు బయటి వెబ్‌సైట్ పేరు ఏదైనా కొట్టండి. ఇది ఇల్లు, బయట కలిసిన లెక్క.

ఆ ఆదివారం ఆ అబ్బాయి క్వార్టర్‌కు ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాం. హాల్లో ఫైబర్ పెట్టెకు తీగతో కలిపి చూస్తే రౌటర్ దాకా 1, బయటికి 28 వచ్చింది. అంటే బయటి దారి బాగానే ఉంది. వాడు ఆడుకునే వెనక గదిలో వైఫై మీద చూస్తే రౌటర్ దాకానే 4 నుంచి 190 వరకు ఎగిరిపడుతోంది. జబ్బు ఇంట్లోనే ఉంది.

కారణం కళ్ల ముందే ఉంది. ఫైబర్ పెట్టె హాల్లో ఇనప బీరువా వెనక ఉంది. హాలుకూ వెనక గదికీ మధ్య పాత క్వార్టర్ల లావుపాటి గోడలు రెండున్నాయి. పైగా ఫోను 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది. వైఫై తరంగాలు మన ఇళ్లలో ముఖ్యంగా రెండు రకాలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి దూరం వెళతాయి, కానీ ఆ దారిలో రద్దీ ఎక్కువ. ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. బ్లాకులో ఉన్న ఇళ్ల వైఫైలన్నీ వాటిలోనే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు అక్కడే. 5 గిగాహెర్ట్జ్ దారి విశాలమైంది, వేగమైంది. కానీ గోడలకు త్వరగా అలసిపోతుంది.

ఆరు యాంటెన్నాలు కాదు, పదిహేను మీటర్ల ల్యాన్ తీగ ఒకటి తెప్పించి గోడ వారగా గదికి లాగాం. ఖర్చు కొన్ని వందలు. పింగ్ 30 దగ్గర నిలబడింది. వాడి ముఖం చూడాలి!

అప్పుడు వాళ్లమ్మగారు అన్నారు: "సార్, వాడి ఆట సరే. రాత్రి ఎనిమిదిన్నరకు వాళ్ల నాన్న డ్యూటీ దిగి వీడియో కాల్ చేస్తారు. వీడు గేమ్ అప్‌డేట్ పెట్టాడంటే ఆయన ముఖం ఆగిపోతుంది. వారం నుంచి సరిగ్గా మాట్లాడుకున్నదే లేదు."

అబ్బాయి తలెత్తలేదు. తన ల్యాగ్ గురించే ఆలోచించాడు గాని, ఇంట్లో ఇంకొకరి ల్యాగ్‌కు తానే కారణమని వాడికి తెలియదు.

ఒకే వరస, ఇద్దరు అవసరాలు

ఇదెందుకు జరుగుతుంది? క్యాంటీన్ కౌంటర్ దగ్గర వరసను గుర్తు చేసుకోండి. ఒకాయన నెల సామానంతా బిల్లు వేయించుకుంటుంటే, ఒక్క సబ్బు కోసం వచ్చినాయన కూడా వెనకే నిలబడాలి. గేమ్ అప్‌డేట్ నెల సామాను. నాన్న మాట ఒక్క సబ్బు. పెద్ద డౌన్‌లోడ్ గాని, అప్‌లోడ్ గాని సాగుతుంటే చిన్న కబుర్లు వెనక చిక్కుకుంటాయి.

దీనికి పైసా ఖర్చు లేని మందు అప్‌డేట్లను తెల్లవారుజామున పెట్టుకోవడం. రెండో మందు రౌటర్‌లో ఉంటుంది. క్యూఓఎస్ అనే సదుపాయం ఉన్న రౌటర్‌కు వీడియో కాల్‌ను, ఆటను ముందు పంపమని, డౌన్‌లోడ్‌ను ఆగమని చెప్పవచ్చు. మంచి రౌటర్ నిజంగా పనికొచ్చే చోట్లలో ఇది ఒకటి.

కొనాల్సే వస్తే చూడాల్సినవి

1. తరం: 2018లో వైఫై తరాలకు 4, 5, 6 అని సులువైన పేర్లు పెట్టారు. ఇప్పుడు కొనేవారు వైఫై 6 తీసుకోవడం మేలు. ఎక్కువ పరికరాలున్న ఇంట్లో అది బాగా సర్దుకుంటుంది. అయితే మీ ఫోను కూడా ఆ తరానిదైతేనే పూర్తి లాభం.

2. రెండు బ్యాండ్లు: 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉండాలి.

3. డబ్బా మీది అంకె: ఏసీ1200 అంటే 1200 వేగం వస్తుందని కాదు. ఒక బ్యాండ్ 300, రెండో బ్యాండ్ 867 కలిపి, 1167ను 1200 చేశారు. మామూలుగా ఫోను ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది.

4. పోర్టులు: గిగాబిట్ అని ఉందో లేదో చూడండి. 10/100 అని మాత్రమే ఉంటే తీగ మీద 100 ఎంబీపీఎస్ దాటదు.

5. యాంటెన్నాలు: లెక్కపెట్టి కొనకండి. బీరువా వెనక పెడితే ఆరున్నా ఒకటే, రెండున్నా ఒకటే.

6. భద్రత: డబ్ల్యూపీఏ3, లేదా కనీసం డబ్ల్యూపీఏ2 ఉండాలి. కొన్న రోజే రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

7. బదిలీకి పనికిరావడం: ఇది ముఖ్యంగా మనకోసం. ఒకే కంపెనీ కనెక్షన్‌కు కట్టిపడేసిన రౌటర్ వద్దు. మామూలు ల్యాన్ తీగతో ఏ ఫైబర్ పెట్టెకైనా కలిసేది తీసుకోండి. ఊరు మారేటప్పుడు కంపెనీ ఇచ్చిన పెట్టె తిరిగిచ్చి రసీదు తీసుకోండి. సొంత రౌటర్, దాని అడాప్టర్ ఒకే డబ్బాలో సర్దుకోండి. అడాప్టర్ వేరే పెట్టెలో పోయి మేము ఒక ఊళ్లో పది రోజులు వెతికాం.

ఎక్కడ పెట్టాలన్నది కొనడమంత ముఖ్యం. ఇంటి మధ్యలో, ఎత్తుగా, ఇనప బీరువాకూ అద్దానికీ దూరంగా పెట్టండి.

ఆ ఇంట్లో చివరికి తొమ్మిది వేల రౌటర్ కొనలేదు. క్యూఓఎస్ ఉన్న మధ్యరకం వైఫై 6 రౌటర్ ఒకటి అందులో మూడో వంతు ధరకు దొరికింది. అబ్బాయికి అయిదో చోటు ఇంకా పూర్తిగా దక్కలేదు. కొత్త కుర్రాడూ, వీడూ రోజు విడిచి రోజు ఆడుతున్నారట. కానీ మొన్న కాపీలు దిద్దుతుంటే వచ్చి, "నిన్న నాన్న ఇరవై నిమిషాలు మాట్లాడారు సార్, ఒక్కసారీ ఆగలేదు" అని చెప్పి వెళ్లాడు.

చేసి చూడండి

1. మీ ఇంట్లో మూడు చోట్ల, అంటే రౌటర్ పక్కన, మీరు చదువుకునే చోట, వంటింట్లో, రౌటర్ దాకా పింగ్ ఎంతో పదేసి సార్లు కొలిచి పట్టిక వేయండి. ఏ చోట నిలకడగా ఉంది?

2. ఎవరైనా వీడియో చూస్తుండగా బయటి వెబ్‌సైట్‌కు పింగ్ కొలవండి. ఆపేశాక మళ్లీ కొలవండి. తేడా రాయండి.

3. ఆట సర్వర్ 3,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఫైబర్‌లో రానుపోను కనీసం ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది?

4. మీ ఇంట్లో రాత్రి ఏ సమయంలో ఎవరికి ఇంటర్నెట్ ఎక్కువ అవసరమో అందరినీ అడిగి, ఆరు వాక్యాల్లో తెలుగులో రాసి తీసుకురండి.