తన్ను తానెరుగుట – తానుగా నుండుట

‘నీవెవరవు?’ అని అడిగినచో మానవుడు తన పేరును, వంశమును, ఉద్యోగమును చెప్పును. ఇవి యన్నియు లోకవ్యవహారమునకు కావలసినవే. కాని ఉద్యోగము ఒకనాడు ముగియును. సంపద వచ్చును, పోవును. నేడు పొగడిన నోరే రేపు తెగడును. ఇట్లు వచ్చి పోవు వానినే ‘నేను’ అని నమ్మినవాడు అవి తొలగిన నాడు తానే లేకుండ పోయినట్లు కుమిలిపోవును. తనలో వచ్చి పోనిది ఏదియో తెలియుట ‘అరివు’. తెలిసిన దానికి తగినట్లు నడచుట ‘ఆచారము’. ఈ రెండును విడరాదనునదే శివశరణుల బోధ.

లింగధారణములోని అర్థము

వీరశైవ సిద్ధాంతము ననుసరించి జీవుడు శివాంశ సంభూతుడు. ఆణవ, మాయా, కార్మిక మలములు కప్పుటచే తన నిజస్వరూపమును మరచియున్నాడు. దీక్షాకాలమున గురువు వెలుపలి నుండి క్రొత్త వస్తువును తెచ్చి యీయడు. శిష్యునిలో దాగియున్న చైతన్యమునే ఇష్టలింగ రూపమున అతని అరచేతిలో నుంచును. కావున కరపీఠమున లింగమును నిలిపి చూచుట యనగా తన మూలమును తాను చూచుకొనుటయే. భక్త స్థలము మొదలు ఐక్య స్థలము వరకు గల షట్స్థలములు ఈ ఎరుకకు మెట్లు.

శరణుల నిదర్శనములు

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు, జన్మచే వచ్చిన గౌరవమును గాని, పదవిచే వచ్చిన అధికారమును గాని తన స్వరూపముగా నెంచలేదు. శరణులకు సేవకుడ ననుటయే ఆయనకు నిండుదనము.

అంబిగర చౌడయ్య పడవ నడుపు శరణుడు. వచనకారులలో పలువురు ఇష్టదైవము పేరును అంకితముగా నుంచిరి. ఆయన మాత్రము వృత్తిని తెలుపు తన పేరునే అంకితముగా నుంచెను. దాచుకొనవలసినది ఆయనకు లేకుండెను.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వానితోనే జంగమ దాసోహము నడుపుచుండెడివాడు. ఒకనాడు ఆయన మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించిన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఏరినవి మారయ్య చేతులే యైనను, ఏరించినది ఆశ యని ఆమె గుర్తించెను. మనస్సునకు తోచినట్లు నడచుటయే తానుగా నుండుట యని కొందరు తలతురు. మనస్సునకు తోచినదెల్ల తాను కాదని లక్కమ్మ చరిత్రము తెలుపుచున్నది. ఆశను తననుండి వేరుచేసి చూడగలవాడే తన్ను తానెరిగినవాడు.

నేటి గృహములలో

చదువునకై, ఉద్యోగమునకై దూరదేశములకు పోవు యువకులలో కొందరు తోటివారు నవ్వుదురని లింగమును పెట్టెలో నుంచుదురు. మరికొందరు పెండ్లిలో, మఠములో పదిమంది చూచుచున్నప్పుడు మాత్రమే విభూతిని దట్టముగా ధరింతురు. మొదటివాడు పరుల నవ్వునకు, రెండవవాడు పరుల మెప్పునకు లోబడినవారు. ఇరువురును తమవారు కారు.

అట్టి బిడ్డను నిందించుటకు ముందు పెద్దలు తమ్ము తాము పరిశీలించుకొనవలెను. కాయకము నీచమైనది కాదని సభలో పలికి, ఇంట పనివానిని హీనముగా చూచినచో బిడ్డ ఆ మాటను గాక ఆ నడతనే నేర్చుకొనును. లింగము పెట్టెలోనికి పోవుట ఆనాడే మొదలగును.

కావున పూజ ముగిసి లింగమును సజ్జలో నుంచునపుడు ప్రతివారును తమలో ఒక్క ప్రశ్న వేసికొనుట మంచిది: ‘నేడు నేను చేసిన పనిలో ఏది నాది, ఏది ఆశది, ఏది పరుల చూపునకు భయపడి చేసినది?’ సమాధానము కటువుగా నుండిన నుండుగాక. దానిని దాచక ఒప్పుకొని, మరునాటి కాయకములో ఒక్క గింజయైనను తిరిగి పోసినచో, ఆ మేరకు అరివు ఆచారమైనదని గ్రహింపవలెను.