తెల్లతోక జింక: వ్యాధి, చట్టం, వేట నిర్వహణ

శాస్త్రీయ నామం ఒడోకాయిలియస్ వర్జీనియానస్. కెనడా నుంచి దక్షిణ అమెరికాలో బొలీవియా దాకా విస్తరించింది. గర్భధారణ కాలం సుమారు 200 రోజులు.

ఎక్కువ ప్రశ్నలకు అవకాశం వ్యాధి నుంచే. ఇక్కడ నిదానంగా చదవండి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, సంక్షిప్తంగా సీడబ్ల్యూడీ. కారకం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. రూపం చెడిన ప్రొటీన్, అంటే ప్రియాన్. దెబ్బతినేది మెదడు. లాలాజలం, మూత్రం, మలం ద్వారా వ్యాపిస్తుంది. నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, వండినా నశించదు. చికిత్స లేదు. తొలిసారి కనిపించింది 1967లో, కొలరాడోలో, మ్యూల్ జింకల్లో (తెల్లతోక జింకల్లో కాదు, జాగ్రత్త). ఐరోపాలో తొలి కేసు: 2016, నార్వే, రెయిన్‌డీర్. మనుషులకు సోకినట్టు నిర్ధారణ కాలేదు. అయినా వ్యాధి ఉన్న ప్రాంతాల్లో వేటగాళ్లు మాంసాన్ని పరీక్ష చేయించాలి, పాజిటివ్ వస్తే తినకూడదు. ప్రియాన్ల ఆవిష్కరణకు నోబెల్: స్టాన్లీ ప్రుసినర్, 1997, వైద్యం.

ఈహెచ్‌డీ (ఎపిజూటిక్ హెమరేజిక్ డిసీజ్) సీడబ్ల్యూడీ కంటే వేరు. అది వైరస్ వ్యాధి, క్యూలికాయిడిస్ కీటకాల కాటుతో సోకుతుంది.

అమెరికా చట్టాలు: లేసీ చట్టం, 1900, అక్రమ వన్యప్రాణి వ్యాపారంపై. పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం, 1937: పొడవు తుపాకులు, తూటాలపై 11 శాతం ఎక్సైజ్ పన్ను, ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు. వేటగాడి ఖర్చే అడవికి నిధి కావడం దీని ప్రత్యేకత. 'గేమ్ మేనేజ్‌మెంట్' గ్రంథం: ఆల్డో లియోపోల్డ్, 1933.

భారత్‌లో వేట నిషేధం: వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 9.

తరచూ తికమక పెట్టేది: తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక; అది యాంటిలోప్, కొమ్ములు రాలవు.