మౌస్ బాణం మాయమైతే...

ప్రశ్న: మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టుండి మౌస్ బాణం కనిపించడం మానేసింది. విండోస్ 11 ఉంది. రిపేరుకు ఇవ్వాల్సిందేనా?

జవాబు: అప్పుడే వద్దండీ. చాలాసార్లు ఇది ఒక్క కీతో సరిపోయే సమస్య. కీబోర్డు పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ వెతకండి. కంపెనీని బట్టి దాని చోటు మారుతుంది. చెయ్యి తగిలి అది నొక్కుకుపోతే టచ్‌ప్యాడ్ ఆగిపోతుంది. ఎఫ్ఎన్ కీ పట్టుకుని మళ్లీ నొక్కండి. విడి మౌస్ వాడుతుంటే వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. వైర్లెస్‌దైతే బ్యాటరీ మార్చండి.

ఒక్కోసారి బాణం ఉంటుంది, మన కంటికే ఆనదు. విండోస్ కీతో ఆర్ నొక్కి, ఇంగ్లిషు అక్షరాల్లో 'మెయిన్ డాట్ సీపీఎల్' టైపు చేసి ఎంటర్ కొట్టండి. కంట్రోల్, ట్యాబ్ కలిపి నొక్కుతూ 'పాయింటర్ ఆప్షన్స్' దగ్గరికి వెళ్లండి. అక్కడ 'హైడ్ పాయింటర్ వైల్ టైపింగ్' ఎదుట టిక్కు ఉంటే ట్యాబ్‌తో అక్కడికి చేరి, స్పేస్‌బార్‌తో తీసేయండి. దాని కిందే, కంట్రోల్ కీ నొక్కితే బాణం చుట్టూ వలయాలు చూపించే సదుపాయం ఉంది. చూపు మందగించిన పెద్దలకు అదెంతో మేలు, తప్పక పెట్టుకోండి.

ఫలితం లేకపోతే తెరిచిన ఫైలును కంట్రోల్, ఎస్‌తో సేవ్ చేసి, విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి వదిలేసి, యూ, ఆర్ వరుసగా కొట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అప్పటికీ రాకపోతేనే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఇచ్చేముందు అమ్మాయి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం మరవకండి.